ముసురులో పెరటి తోట

మృగశిర కార్తె జూన్ 8వ తేదీ ప్రాంతమున ప్రవేశించును. తొలకరి చినుకులు పడిన మరునాడే నిజామాబాదు పట్టణమునందును, బోధను పరిసర గ్రామములయందును ఇంటింటి పెరటిలో పలుగు, పార కదలును. గోడప్రక్క సొరపాదు, బావిగట్టున బీరపాదు, కాలిబాటకు ఇరువైపుల పుంటికూర, తోటకూర, ఒక మూలను వంగ, మిరప, టమాటాల నారుమడి. పది దినములలో పచ్చని మొలకలు కనబడగానే ఇంటివారికి కలుగు సంతోషము ఇంతింతయనరాదు.

పునర్వసు, పుష్యమి కార్తెలలో ముసురు పట్టును. నాలుగైదు దినములు, ఒక్కొక్కప్పుడు వారము దినములు సూర్యుడు కానరాడు. పెద్దవాన కురిసి వెలిసిపోవుట వేరు, ముసురు వేరు. నిన్నటివరకు నవనవలాడుచున్న నారు తెల్లవారి చూచునప్పటికి గుంపులు గుంపులుగా నేల కొరిగియుండును. మిరప మొక్కలు నీటిలో నిలిచియుండియు ఎండలో నున్నట్లు వాడిపోవును. బీరపిందెలు పసుపుబారి రాలును. ఆ వారములందే అంగడికి కూరలు రాక వాటి ధర చెట్టెక్కును. కొద్దిపాటి రాబడిగల కుటుంబమునకు పెరటి తోట అక్కరకు రావలసిన దినములవియే. తోట చేజారునదియు నా దినములలోనే. కొందరు విత్తనములమ్మిన దుకాణదారుని నిందింతురు. మరికొందరు దిష్టి తగిలినదని సున్నపు బొట్లు పెట్టిన కుండను కర్రకు బోర్లింతురు. ఆ కుండ పెరటికి శోభ నిచ్చునేమో గాని నారును నిలుపజాలదు.

అసలు కారణము మొదట నేలలో వెదకవలెను. మంజీరానదిపై నిజాంసాగరము 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన పిమ్మట కాలువనీటి యండతో బోధను ప్రాంతమున చెరకుతోటలు విస్తరించినవి. 1937లో అచ్చట చక్కెర కర్మాగారము నెలకొల్పబడుటకును ఆ నీరే ఆధారము. చెరకునకు అనుకూలించిన యా నల్లరేగడి కూరమొక్కలకు వానకాలమున చిక్కులు తెచ్చును. వేసవిలో ఈ నేల బెత్తెడు వెడల్పున నెఱ్ఱెలు విచ్చును. తొలివాన నీరంతయు ఆ నెఱ్ఱెలలో నింకును. తడిసినకొలది బంకమన్ను ఉబ్బి నెఱ్ఱెలు మూసికొనును. పిదప పడిన నీటికి పోవుదారి యుండదు.

వేళ్ళు కూడ గాలి పీల్చును. మట్టిరేణువుల నడుమ నుండవలసిన గాలిని నీరు వెడలగొట్టగా వేళ్ళు ఊపిరాడక చచ్చును. చచ్చిన వేరు నీటిని పీల్వలేదు గనుక మొక్క నీటిలో నిలిచియే దాహముతో వాడును. వరి కాండమున గాలిని వేళ్ళకు దింపు సన్నని నాళములున్నవి గావున అది నిలువనీటిని ఓర్చును. మిరపకు, వంగకు ఆ సౌకర్యము లేదు. ఈ సంగతి తెలియనివారు ఆకులు వాడుట చూచి మరి రెండు చెంబులు నీరు పోయుదురు! మరియొక నష్టము గలదు. గాలిలేని నేలలో కొన్ని సూక్ష్మజీవులు నత్రజని లవణములను వాయువుగా మార్చివేయును. ఆకులు పసుపుబారుట కదియొక కారణము.

కావున ముసురునకు మందు ముసురు రాకముందే చేయవలెను. మడులను నేలమట్టమునుండి జానెడు ఎత్తుగా, మీటరు వెడల్పున కట్టి, నడుమ కాలువలు తీసి, వాటినన్నిటిని పెరటి పల్లమునకు కలుపవలెను. బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపిన రేగడి గుల్లబారును. చక్కెర మిల్లులలో రసమును వడకట్టగా మిగులు మడ్డి చివికిన తరువాత ఇట్టి నేలకు మంచి ఎరువు. బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది గాన ఆ వసతి ఆ యూరివారికి నేడు చేరువలో లేదు. తడిమట్టి పారకు అంటుకొనుచుండగా త్రవ్వుటయు, మడిలో నడచుటయు కూడదు. అట్లు త్రొక్కిన రేగడి ఆరినపిదప ఇటుకవలె గట్టిపడును.

ఇక నారు ఒరుగుట. దీనిని నారుకుళ్ళు తెగులందురు. ఒరిగిన మొక్కను పెరికి చూచినచో మొదలు నీరుకారి దారమువలె సన్నబడియుండును. దీనికి ముఖ్యకారణము పిథియం అను సూక్ష్మజీవి. దీనిని శిలీంధ్రమని వ్యవహరించుట వాడుకయేగాని, శాస్త్రజ్ఞులు నీటిబూజులను వేరొక తెగగా పరిగణింతురు. దీని బీజములకు తోకలవంటి పోగులుండును. మట్టిలోని నీటిపొరలో అవి ఈదుచు ఒక మొక్కనుండి మరియొక మొక్కకు పోగలవు. ఒత్తుగా చల్లిన నారు వాటికి పరచిన విస్తరి వంటిది. ఆర్మూరు ప్రాంతపు పసుపు రైతులను కలవరపెట్టు దుంపకుళ్ళును, బీర, దోస ఆకులపై పసుపు మచ్చలుగా కనిపించు బూజు తెగులును ఈ తెగవే.

ఈ తెగలోని వేరొక జీవి 1845లో ఐర్లాండు దేశపు బంగాళాదుంప పొలములపై పడినది. ఆ యేటి వాతావరణము చల్లగా, తడిగా నుండెను. దుంపలు పొలములోనే నల్లబడి కుళ్ళినవి. అచ్చటి పేదలకు అదియొక్కటే ఆహారము. తరువాతి కొన్ని సంవత్సరములలో సుమారు పదిలక్షలమంది ఆకలిచేతను, రోగములచేతను మరణించిరి. దాదాపు అంతమందియు దేశము విడిచిపోయిరి. కుళ్ళునకు తడిగాలియే కారణమని పలువురు తలచిరి. మైల్స్ బర్క్లీ అను ఆంగ్ల మతాచార్యుడు 1846లో అది బూజుచే కలిగినదని వాదించెను; నాడు నమ్మినవారు తక్కువ.

మందు దొరకిన కథ విచిత్రమైనది. ఫ్రాన్సు దేశమున బోర్డో నగర ప్రాంతపు ద్రాక్షతోటల యజమానులు, బాటసారులు పండ్లు కోయకుండుటకై బాటప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపిన నీలిరంగు నీటిని చిలికెడివారు. లోపలి తీగలు బూజుచే ఆకులు రాల్చినను బాటప్రక్క తీగలు పచ్చగా నుండుట మిలార్డే అను ఆచార్యుడు 1882లో గమనించెను. ఆయన పరిశోధించి 1885లో ప్రకటించిన మందే బోర్డో మిశ్రమము. పెరటికి కావలసినంత చేసికొనుట కష్టము గాదు. పది గ్రాముల మైలుతుత్తమును అరలీటరు నీటిలోను, పది గ్రాముల పొడిసున్నమును మరి అరలీటరు నీటిలోను కలిపి, తుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు కలియబెట్టవలెను. మట్టిపాత్రగాని ప్లాస్టిక్ పాత్రగాని వాడవలెను. శుభ్రమైన ఇనుప కత్తిని ఒక నిమిషము ముంచినప్పుడు దానిపై ఎఱ్ఱని పూత కనబడినచో సున్నము చాలలేదన్నమాట. ఈ పని పెద్దలు చేయవలసినది. పిల్లలు ప్రక్కన నిలిచి చూడవచ్చును. చేసిననాడే వాడవలెను. ఒరిగిన నారు దీనితో లేచి నిలువదు. మిగిలిన నారు దక్కవచ్చును. విత్తనములకు ట్రైకోడెర్మా అను మేలుచేయు శిలీంధ్రపు పొడిని పట్టించి, వరుసలలో పలుచగా విత్తుట మరింత తెలివైన పని.

తోటకూర ఆకు అడుగున తెల్లని బొబ్బలు కనబడినచో ఆ యాకులను త్రుంచి దూరముగా పారవేసిన చాలును. నత్తలను రాత్రివేళ దీపము పట్టుకొని ఏరవలెను.

పిందెలు రాలుట మాత్రము తెగులు గాదు. బీర, సొర, గుమ్మడి తీగలకు మగపూవులు వేరు, ఆడపూవులు వేరు. ఆడపూవు క్రింద చిన్న పిందె పుట్టుకతోడనే యుండును. మగపూవు పుప్పొడి దానికి చేరనిచో అది ఎదుగక రాలిపోవును. ఆ పుప్పొడిని చేరవేయునవి తేనెటీగలు, రాత్రి తిరుగు రెక్కల పురుగులు. ముసురులో అవి బయటికి రావు. తడిసిన పుప్పొడియు చెడును. వాన తెరపి యిచ్చిన సమయమున ఆ పనిని మనుష్యుడే చేయవచ్చును. మగపూవును కోసి, రేకులు తీసివేసి, నడిమి భాగమును ఆడపూవు నడిమి భాగమునకు మెల్లగా తాకింపవలెను. వేళ తెలియుట ముఖ్యము. గుమ్మడి, కాకర పూవులు తెల్లవారుజామున విచ్చును. బీర, సొర పూవులు సాయంకాలమున విచ్చును. బడినుండి వచ్చిన పిల్లలకు బీరపందిరి క్రింద పని యుండునది దీపాలవేళకు ముందే.