కుళాయి నీరు: కాఠిన్యం, పరిశుద్ధత

తాడేపల్లిగూడెం గోదావరి పశ్చిమ డెల్టాలోని పట్టణం. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత గోదావరి జలాలు కాలువల ద్వారా ఈ డెల్టాకు చేరాయి. ఏలూరు కాలువ ఈ పట్టణం మీదుగానే సాగుతుంది. డెల్టా పట్టణాలలో కాలువ నీటిని చెరువులలో నిల్వచేసి, శుద్ధిచేసి కుళాయిలకు అందిస్తారు.

కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా కరిగిన నీటిని కఠినజలం అంటారు. అందులో సబ్బు సరిగా నురగదు. పప్పు త్వరగా ఉడకదు. కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ప్రమాణాల ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించరాదు. వేరే నీటివనరు లేనప్పుడు 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

నేలపొరలలో నిలిచిన బోరు నీటికన్న కాలువ నీటిలో లవణాలు సాధారణంగా తక్కువ. అంతమాత్రాన అది పరిశుద్ధమని భావించరాదు. గట్ల వెంబడి ఊళ్ల మురుగు, చెత్త అందులో కలిసే ప్రమాదం ఉంది. రోగకారక క్రిములు కంటికి కనబడవు, రుచికి తెలియవు. అందుకే వడపోత, క్లోరిన్ శుద్ధి అవసరమవుతాయి. నీటిని మరిగిస్తే క్రిములు నశిస్తాయి. బైకార్బనేట్ల వలన కలిగిన తాత్కాలిక కాఠిన్యమూ తొలగుతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వలన కలిగిన శాశ్వత కాఠిన్యం మాత్రం పోదు.

సబ్బు నురుగు నీటి మెత్తదనాన్ని తెలుపుతుంది గాని, ఆ నీరు తాగదగినదో కాదో తెలుపదు.