చూపు తప్పని కెమెరా

ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు శబ్దములును, సమాసములును, ఛందస్సును చెప్పి విరమించినవాడను నేను. ఇట్టివాడు కెమెరాలనుగూర్చి ప్రసంగించుట శ్రోతలకు వింతగా తోచవచ్చును. కొన్నియేండ్ల క్రిందట జరిగిన యొక సంగతి నన్నీ విషయములోనికి దింపినది. ముందు దానిని చెప్పెదను.

రాజాం సమీపమున నొక పల్లెలో తప్పెటగుళ్ళ జట్టు కలదు. ఆ జట్టునకు పెద్దయైన వృద్ధునకు ఎనుబదియేండ్లు దాటినవి. అతని మనుమడు నా శిష్యుడు. తాత ఆటను చిన్న చలనచిత్రముగా తీయవలెనని వాని కోరిక. కూడబెట్టిన సొమ్మునకు కొంత అప్పు చేర్చి, వాడిన కెమెరా నొకటి కొనెను. ఒకనాటి సాయంకాలము ఊరి చింతచెట్టు క్రింద, గుండెలమీద తప్పెటలు, కాళ్ళకు గజ్జెలు కట్టుకొని జట్టంతయు ఆడినది. ఆ వయసులో ముసలివాడు గంతులు వేయుచుండగా చూచి నేను నివ్వెరపోయితిని. పదిదినముల పిమ్మట గోడకు తెల్లదుప్పటి కట్టి ఆ చిత్రమును చూపిరి. చెట్టు బెరడులోని పగుళ్ళు లెక్కపెట్టదగినంత స్పష్టముగా నున్నవి. ఆడినవారు మాత్రము పొగమంచులోని మనుష్యులవలె నున్నారు. ముసలివాడు కొంతసేపు చూచి, "సింతసెట్టు బాగా అగుపిస్తంది గానీ పంతులుగారూ, నానేడి?" అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. మరుసటి సంక్రాంతికి అతడు లేడు.

"కెమెరా వెనుకనున్న చిన్నతెరమీద అంతా బాగానే అగుపించింది, మాస్టారూ" అని నా శిష్యుడు కన్నీరు పెట్టుకొనెను. నాటినుండి వానితోపాటు నేనును ఈ శాస్త్రమును కొంత అభ్యసించితిని.

కటకమునకు ఎంత దూరమున నున్న వస్తువు స్పష్టముగా పడవలెనో నిర్ణయించుటయే ఫోకసు. ఆ పనిని కెమెరా తనంతట తాను చేసికొన్నచో ఆటోఫోకసు. పెద్ద చిత్రములలో దీనికై ప్రత్యేకముగా నొక మనుష్యుడుండును. నటుడెక్కడ నిలుచునో నేలమీద గుర్తుపెట్టి, టేపుతో దూరము కొలిచి, నటుడు కదలినకొలది కటకపు వలయమును త్రిప్పుచుండును. తక్కువ సొమ్ముతో తీయువారికి ఆ మనుష్యుడు దొరకడు. దొరకినను, వారి నటులు గుర్తుమీద నిలువరు. 2018లో వెంకటేశ్ మహా దర్శకత్వమున వెలువడిన "కేరాఫ్ కంచరపాలెం" అను చిత్రమును చాలమంది చూచియుందురు. విశాఖపట్టణములోని ఆ పేటవారే, అంతకుముందు నటన యెరుగనివారే, అందు చాలవరకు పాత్రధారులు. అట్టివారి ముఖములలోని సహజత్వమే చిత్రమునకు ప్రాణము. "ఇచ్చటనే ఆగుము, అంగుళము జరుగకుము" అని వారిని నిర్బంధించినచో ఆ ప్రాణమే పోవును. కావున మన ప్రాంతమున చిన్నచిత్రములు తీయగోరువారికి నమ్మదగిన ఆటోఫోకసు విలాసవస్తువు కాదు.

ఆటోఫోకసునకు రెండు పద్ధతులు కలవు. మొదటిది బొబ్బిలివీణకు శ్రుతి చేయుటవంటిది. బిరడను త్రిప్పుచుండగా తంత్రి శ్రుతికి చేరును, దాటిపోవును. దాటిన పిమ్మటగాని చేరినస్థానము తెలియదు. మరల వెనుకకు రావలెను. అట్లే కెమెరా కటకమును ముందువెనుకలకు జరిపి, బొమ్మలోని వెలుగునీడల భేదము ఎచ్చట అధికమో అచ్చట నిలుపును. నిశ్చలవస్తువునకు ఇది మిక్కిలి కచ్చితమైనది. చలనచిత్రములో మాత్రము ఆ వెదకులాట అంతయు తెరమీద కనబడును. ముఖము మసకబారి, తేరి, మరల మసకబారుచుండును.

రెండవది మన రెండు కన్నులవంటిది. ముక్కునకు ఎదుట వ్రేలు పెట్టి, ఒక కన్ను మూసి, పిమ్మట రెండవకన్ను మూసి చూడుడు. వ్రేలు ప్రక్కకు జరిగినట్లుండును. కటకపు ఎడమభాగమునుండి వచ్చిన వెలుతురును, కుడిభాగమునుండి వచ్చినదానిని వేరువేరుగా పోల్చినచో, ఫోకసు కుదిరినప్పుడు రెండుబొమ్మలు ఏకమగును, కుదరనప్పుడు విడిపోవును. ఎటువైపునకు విడిపోయినవో, ఎంత విడిపోయినవో చూచినంతనే కటకమును ఏదిక్కునకు, ఎంతదూరము జరుపవలెనో తెలియును. తడుములాట తగ్గును. 2013లో కానన్ సంస్థ 70డి అను కెమెరాలో సెన్సరుమీది ఒక్కొక్క చుక్కను రెండుగా విభజించి ఈ పోలికను బొమ్మపడుచోటనే జరుగునట్లు చేసినది. చిన్నచిత్రములవారికి ఆటోఫోకసుమీద నమ్మకము కుదిరినది ఇంచుమించుగా అప్పటినుండియే. పానసోనిక్ లూమిక్స్ కెమెరాలు చాలకాలము మొదటి పద్ధతినే మెరుగుపరచుకొనుచు వచ్చి, 2023లో ఎస్5 మార్కు 2తో రెండవదానిని గ్రహించినవి. వాడిన కెమెరా కొనువారు అందుచేత దాని పుట్టినయేడును, పద్ధతిని విచారింపవలెను.

పేరు విని తృప్తిపడరాదు. 2018నాటి కానన్ ఎం50లో ఈ రెండవపద్ధతి కలదు. కాని 4కె అను అధికస్పష్టతతో చిత్రించునప్పుడు అది పనిచేయదు, మొదటి పద్ధతియే శరణ్యము. పెట్టెమీద రెండు గుణములును అచ్చువేసి యుండును. రెండును ఏకకాలమున ఉండవని తెలిసికొనవలసినవాడు కొనువాడే. వ్యాకరణములో ఉత్సర్గమును చదివి అపవాదమును విడిచిన విద్యార్థికి పట్టు గతియే వీనికిని పట్టును.

చీకటిలో పనిచేయు శక్తినిగూర్చియు ఇట్టిదే యొక తిరకాసు కలదు. మైనస్ 3, మైనస్ 4 అని అంకెలు వేయుదురు. మైనస్ 3 అనగా ఇంచుమించు పున్నమివెన్నెల. అయితే అది సాధారణముగా ఎఫ్ 1.4 వంటి విశాలద్వారముగల, ఖరీదైన కటకముతో కొలిచిన లెక్క. కెమెరాతో చవుకగా నిచ్చు కటకము, దూరపువస్తువును దగ్గరకు తెచ్చుకొన్నప్పుడు, ఎఫ్ 5.6కు కుంచించుకొనును. అప్పుడు లోనికి వచ్చు వెలుతురు అందులో 16వ వంతు మాత్రమే. మా చింతచెట్టు క్రింద సంధ్యవేళ జరిగిన అనర్థమునకు సగము కారణమిదియే. తక్కిన సగము, చెట్టు కదలకుండ నుండుటయు, మనుష్యులు కదలుచుండుటయు.

విశాలద్వారమునందును చిక్కు లేకపోలేదు. ఏపీఎస్-సి అను మధ్యరకపు సెన్సరుగల కెమెరాకు 50 మిల్లీమీటర్ల కటకము తగిలించి, ఎఫ్ 1.8 వద్ద, 2 మీటర్ల దూరమున నున్న మనుష్యుని చిత్రించినచో, స్పష్టముగా పడు మందము సుమారు 11 సెంటీమీటర్లు, అనగా అరజానెడు. కన్ను స్పష్టమైనచో చెవి మసక. ఎఫ్ 8 వద్ద అది మూరెడుకు పైగా పెరుగును. వెనుకదృశ్యము కరగిపోవలెనని నేటి యువకులు ద్వారమును పూర్తిగా తెరచి, పిమ్మట ఆటోఫోకసును నిందింతురు. పగటివెలుతురున ద్వారమును కొంత మూసినచో ఏ యంత్రమునకైనను పని సులభము. సెన్సరు మిక్కిలి చిన్నదగుటచే సెల్‌ఫోనునకు ఈ బాధ తక్కువ. పగలు ఆరుబయట తీయుటకు ఫోను చాలునని నిజముగా తోచినచో, కెమెరా కొనకుండుటయే మేలు. మిగిలిన సొమ్ముతో మంచి మైక్రోఫోను కొనవచ్చును.

కొనదలచినవారు అంగడిలోని ధగధగలాడు దీపముల క్రింద పరీక్షింపరాదు. తాము వాడబోవు కటకమునే తగిలించి, తాము తీయబోవు నాణ్యతనే నిర్ణయించి, సాధ్యమైనచో సాయంకాలము వీధిలోనికి తెచ్చి చూడవలెను. ఒకరు దూరమునుండి కెమెరావైపునకు నడచిరావలెను; మధ్యలో ప్రక్కకు ముఖము త్రిప్పవలెను; తలకు తువ్వాలు చుట్టుకొని మరల రావలెను. ఎదుట మఱియొకరు అడ్డముగా దాటిపోవలెను. విజయనగరమున పైడితల్లి సిరిమాను కదలునప్పుడు కెమెరాకును సిరిమానునకును నడుమ ఎన్ని చేతులు లేచునో చూచినవారికి ఈ పరీక్ష యెందుకో చెప్పనక్కరలేదు. సిరిమాను మనకొరకు మరల వెనుకకు రాదు. ఇంకొకటి: చారల అంచుగల చీర నొకదానిని చారలు అడ్డముగా నుండునట్లు పట్టి చూడుడు. చుక్కలను కుడియెడమలుగా విభజించు సెన్సరులు నిలువుగీతలను చక్కగా గుర్తించును. అడ్డగీతల యెదుట తడబడును. పొందూరు మగ్గమువద్ద పడుగుపోగులను తీయువారికి ఇది తప్పక ఎదురగును. కెమెరాను కొంచెము వాల్చినచో తీరును. తీసినదానిని ఆ చిన్నతెరమీదనే చూచి మురియక, పెద్దదిచేసి చూడవలెను.

వేగమొక్కటే గుణమని భ్రమపడరాదు. న్యాయశాస్త్రములో ప్రత్యక్షజ్ఞానమునకు ఇంద్రియము విషయమును తాకినమాత్రమున చాలదు, మనస్సును అందు చేరవలెనందురు. యంత్రమునకు ఇంద్రియము కలదు, మనస్సు లేదు. ఎవనిని చూపవలెనో అది యెరుగదు. ఎవడు దగ్గరగా వచ్చిన వానిని పట్టుకొనును. కావున దానిని ఆపుటకు తగిన సాధనములున్నవో లేవో చూడవలెను. సోనీవారి కొన్ని కెమెరాలలో ఫోకసు మారు వేగమునకు 7 మెట్లు, ఒకవస్తువును విడిచి మఱియొకదానికి పోవు చాపల్యమునకు 5 మెట్లు కలవు. వ్రేలితో తాకినవానినే వెంబడించుట, బటను నొక్కి ఫోకసును కట్టివేయుట, ఈ రెండును లేని కెమెరాను ఎంత చవుకయైనను నేను కొనుమని చెప్పను.

నా శిష్యుడు అప్పు తీర్చి, నిరుడు మఱియొక కెమెరాను పరీక్షార్థము మా యింటికి తెచ్చెను. దీపములు పెట్టువేళ నేను అరుగుమీదనుండి నూతివరకు ఏడుసార్లు నడిచితిని. నాలుగుసార్లు తువ్వాలుతో, మూడుసార్లు లేకుండ. మా కోడలు చీర పట్టుకొని నిలిచినది. ఏడింట ఆరుసార్లు నా ముఖము స్పష్టముగా వచ్చినది. ఏడవసారి అది పెరటిలోని కొబ్బరిచెట్టును చూచినది. వాడు చాపల్యమును రెండుమెట్లు తగ్గించి, "ఇంకొక్కసారి నడవండి, మాస్టారూ" అనెను. ఎనిమిదవసారి నడిచితిని. ఆ కెమెరాతోనే వాడిప్పుడు తాత జట్టులో మిగిలిన పదునలుగురి ఆటను తీయుచున్నాడు.