డౌన్ సిండ్రోమ్ బిడ్డ: నింద వద్దు, ఆలస్యం వద్దు

పుట్టిన బిడ్డ కళ్లు ఏటవాలుగా పైకి ఉండి, ముక్కు చప్పిడిగా, ఒళ్లు పట్టు లేకుండా మెత్తగా ఉంటే డౌన్ సిండ్రోమ్ ఉందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. రక్తపరీక్షతో అది నిర్ధారణ అవుతుంది. సుమారు వెయ్యి కాన్పుల్లో ఒక బిడ్డ ఇలా పుడుతుంది. ఈ మాట చెప్పగానే బద్వేలు ప్రాంతంలో మేము ఎక్కువగా వినే ప్రశ్న, "ఇది ఎవరి వల్ల వచ్చింది?" అని. గ్రహణం నాడు కోడలు బయట తిరిగిందని ఒకరంటారు. మేనరికం వల్లనని మరొకరంటారు. ఏ జన్మ పాపమోనని ఇంకొకరంటారు.

అసలు కారణం వేరు. మన శరీర కణాల్లో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. ఈ బిడ్డల్లో 21వ జతలో రెండింటికి బదులు మూడు ఉంటాయి. ఈ సంగతిని 1959లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు లోకానికి తెలిపారు. చాలా వరకు ఇది అనుకోకుండా జరిగేదే. తల్లి వయసు 35 దాటితే అవకాశం పెరుగుతుంది గానీ, ఇరవై ఏళ్ల తల్లికి కూడా ఇలాంటి బిడ్డ పుట్టవచ్చు. మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. గ్రహణానికి దీనితో సంబంధమే లేదు.

ఇతర దేశాల్లోనూ ఒకప్పుడు చూపు బాగా లేదు. అమెరికా, ఇంగ్లండులలో 1950ల నాటికి కూడా ఇలాంటి బిడ్డను ఆశ్రమంలో వదిలేయమని డాక్టర్లే సలహా ఇచ్చేవారు. తరువాత తల్లిదండ్రులు సంఘాలుగా ఏర్పడి పోరాడారు. బడి హక్కు ఇంగ్లండులో 1970లో, అమెరికాలో 1975లో చట్టమైంది. గుండె ఆపరేషన్లు కూడా ఈ పిల్లలకు అందసాగాయి. అమెరికాలో 1983లో సుమారు 25 ఏళ్లున్న వీరి ఆయుర్దాయం ఇప్పుడు 60కి చేరువైంది.

మన ఇళ్లలో బిడ్డను దూరంగా పంపరు. జేజి ఒడిలో, అన్నదమ్ముల మధ్య పెరుగుతాడు. ఇది మన బలం. అయితే "దేవుని బిడ్డ, వాడికేం నేర్పుతాం" అని అన్నం తినిపిస్తూ, బట్టలు తొడుగుతూనే ఉండిపోతారు. కొన్ని ఇళ్లలో నిందలు భరించలేక తల్లి బిడ్డను ఎవరికీ చూపించదు. జాలి వల్లనైనా, నింద వల్లనైనా నెలలు గడిచిపోతాయి.

ఈ బిడ్డల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది. పెద్ద రంధ్రాన్ని సకాలంలో మూయకపోతే ఊపిరితిత్తుల రక్తనాళాలు చెడిపోయి, ఆపరేషన్ చేసే అవకాశమే పోతుంది. కనుక:

1. బిడ్డ బాగానే కనిపించినా మొదటి నెలలోనే గుండెకు ఎకో పరీక్ష చేయించండి. 2021లో తిరుపతిలో ప్రారంభమైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో పిల్లల గుండె ఆపరేషన్లు చేస్తారు.

2. థైరాయిడ్, చూపు, వినికిడి పరీక్షలు పుట్టినప్పటి నుంచి డాక్టరు చెప్పిన ప్రకారం మళ్లీ మళ్లీ చేయించండి.

3. మెడ నిలపడం, కూర్చోవడం, మాట్లాడటం కోసం మొదటి నెలల నుంచే వ్యాయామాలు చేయించండి. నడక, మాట ఆలస్యమైనా వస్తాయి.

4. బడికి పంపండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువు వారి హక్కు.

ఆసుపత్రికి తల్లి ఒక్కతే రాకుండా తండ్రి, జేజి కూడా వెంట రండి. డాక్టరు మాట ముగ్గురూ కలిసి వింటే ఇంట్లో నిందలు తగ్గుతాయి, ఇంటి దగ్గర నేర్పే పని ముగ్గురూ పంచుకోవచ్చు.