మూడు రంగుల చొక్కాలు తొడిగిన గార్డన్ స్మిత్

స్కాట్లండు ఫుట్‌బాల్ చరిత్రను తిరుగవేయువారికి మొట్టమొదట కనుపించునవి గ్లాస్గో నగరమునందలి రెండు జట్ల పేర్లే. లీగు విజేతల పట్టికలో రేంజర్సు, సెల్టిక్ అను ఆ రెండు పేర్లే వరుసలకు వరుసలు ఆక్రమించుకొని యుండగా, తక్కిన జట్లు కరవునాటి చినుకులవలె ఎప్పుడో ఒక యేట పొడగట్టి మరల మాయమగును. అట్టి దేశమున, ఆ రెండింటిలో దేనియందును ఒక్కనాడైనను చేరక, మూడు వేర్వేరు జట్లతో లీగు విజేతయై నిలిచినవాడు గార్డన్ స్మిత్ ఒక్కడే.

1924 మే 25న ఎడింబరోలో జన్మించిన స్మిత్, తూర్పుతీరమునందలి మాంట్రోజ్ అను చిన్న రేవుపట్టణమున పెరిగెను. ఎడింబరోలో పెద్ద జట్లు రెండు: పడమటి దిక్కున మెరూన్ చొక్కాల హార్ట్స్, లీత్ రేవువైపున ఆకుపచ్చ చొక్కాల హిబర్నియన్, అనగా జనులు ముద్దుగా పిలుచుకొను హిబ్స్. బాలుని మనస్సు హార్ట్స్‌పైననే యుండెను. హార్ట్స్ వారి చూపును ఆతనిపై పడియుండెను. కాని హిబ్స్ మేనేజరు విల్లీ మెకార్ట్నీ, తాను పూర్వము హార్ట్స్‌నే చిరకాలము నడపినవాడగుటచే వారి పోకడ లెరిగినవాడై, ఒక అడుగు ముందు వేసి బాలునిచే సంతకము చేయించుకొనెను. యుద్ధకాలమది. 1941 ఏప్రిల్ 28న హార్ట్స్ వారి టైన్‌కాసిల్ మైదానమునందే స్మిత్ తొలిసారి హిబ్స్ చొక్కా తొడిగి బరిలో దిగెను. పదునేడేండ్లైనను నిండని ఆ కుర్రవాడు, ఏ జట్టున ఆడవలెనని కలలు గనెనో ఆ జట్టుపైననే మూడు గోల్సు చేసెను. ఆట 5–3గా హిబ్స్ వశమయ్యెను.

ఆతని స్థానము ఔట్‌సైడ్ రైట్. ఆ కాలమున ముందువరుసలో ఐదుగురు నిలుచువారు. అందు కుడికొసవాడు, వీపుపై 7వ అంకె గలవాడు, గీత వెంబడి పరుగెత్తి, అడ్డువచ్చిన ఫుల్‌బ్యాక్‌ను తప్పించుకొని, బంతిని నడుమ నున్నవారికి అందించుట వాని పని. చెప్పుటకు సులభమే. కాని ఆనాటి బంతి నేటి బంతి కాదు. తోలుముక్కలు కుట్టి, లోని తిత్తిని తోలుతాడుతో బిగించిన ఆ గోళము స్కాట్లండు వానలో నానినకొలది రాయివలె బరువెక్కును. ఆ తాటిముడి నుదుట తగిలినచో చర్మము చిట్లును. అట్టి బంతిని స్మిత్ తలపై మెల్లమెల్లగ ఎగురవేసికొనుచు గీత వెంబడి సాగిపోవుచుండగా, ఎదుటివాడు ఎచ్చట కాలు పెట్టవలెనో తోచక నిలుచుండి చూచెడివాడట. సొగసు నెరిగినవాడు గోల్సును చేయుట అరుదు. ఈతడు రెండును చేసెను. అన్ని తరగతుల ఆటలును కలిపి హిబ్స్ తరఫున ఆతని గోల్సు 364.

ఒక్కని కీర్తిగానే ఈ కథ ముగియలేదు. స్మిత్, బాబీ జాన్‌స్టన్, లారీ రైలీ, ఎడ్డీ టర్న్‌బుల్, విల్లీ ఆర్మండ్ అను ఐదుగురిని కలిపి స్కాట్లండు జనులు 'ఫేమస్ ఫైవ్' అని పిలుచుకొనిరి. ఐదుగురును ఒక్కొక్కరు హిబ్స్‌కు లీగునందే నూరు గోల్సు దాటించినవారు. 1948లో వచ్చిన లీగు విజయము మాత్రము జాన్‌స్టన్ వరుసలో కుదురుకొనుటకు పూర్వమునాటిది. ఆ యేడే, పోటీ నడుమనుండగా, మెకార్ట్నీ కాలధర్మము నొందెను. ఆయన స్థానమున వచ్చిన హ్యూ షా నడపగా హిబ్స్ 1951లోను, 1952లోను మరల విజేతలైరి. 1952 సెప్టెంబరులో స్మిత్ గౌరవార్థము జరిగిన ఆటకు ఇంగ్లండు విజేతలైన మాంచెస్టర్ యునైటెడ్ వారు వచ్చి 7–3తో ఓడిపోయిరి.

ఆ మరుసటి యేటి సంగతి కొంత నిలిచి చెప్పదగినది. 1953 వసంతమున హిబ్స్, రేంజర్సు ఇరువురును 43 పాయింట్లతో సమానముగ నిలిచిరి. ఆనాటి నియమము, చేసిన గోల్సును ఇచ్చిన గోల్సుచే భాగించి, భాగఫలము ఎవరికి హెచ్చో వారిని విజేతలనుట. రేంజర్సు చేసినవి 80, ఇచ్చినవి 39. హిబ్స్ చేసినవి 93, ఇచ్చినవి 51. భాగించినచో రేంజర్సుకు 2.05, హిబ్స్‌కు 1.82 వచ్చును. టైటిలు గ్లాస్గోకు పోయెను. ఇప్పుడు పెక్కు దేశములందు వాడుకలో నున్నట్లు, భాగహారమునకు మారుగా తీసివేత చేసినచో రేంజర్సుకు 41, హిబ్స్‌కు 42! పదుమూడు గోల్సు అధికముగ చేసినవాడు ఓడుటకు పలకపై గీసిన ఒక చిన్న గుర్తు చాలెను. తలుపు మూసి ఆడుటకంటె గోలు వేయుటయే పరమార్థమని నమ్మిన జట్టునకు ఆ నియమము అన్యాయము చేసెననియే నా అభిప్రాయము.

1955లో యూరోపియన్ కప్పు ప్రథమముగ ఆరంభమైనప్పుడు ఇంగ్లండు విజేత చెల్సీ తమ లీగు అధికారుల మాటపై వెనుదీసెను. ఆ యేడు లీగు గెలువకపోయినను కీర్తిబలముచే పిలుపునందిన హిబ్స్, అందు పాల్గొన్న మొదటి బ్రిటిష్ జట్టై, జర్మనీలో ఎస్సెన్ జట్టును 4–0తో ఓడించి సెమీఫైనలు వరకు వెళ్లి, ఫ్రాన్సునకు చెందిన రాన్స్ జట్టు చేత ఆగిపోయెను. స్మిత్ దేశము తరఫున ఆడినవి 18 ఆటలే యైనను, 1955 వేసవిలో జాతీయ జట్టునకు నాయకుడై వియన్నాలో ఆస్ట్రియాపై 4–1 విజయము చూచెను.

1959 నాటికి ఆతని చీలమండ చెడినది. ఆతడు పదునెనిమిదేండ్లు సేవించిన హిబ్స్ వారు, ఇక ఈ కాలు పనికిరాదని తలచి వదలివేసిరి. స్మిత్ తన సొంత సొమ్ముతో శస్త్రచికిత్స చేయించుకొని, బాల్యమున వలచిన హార్ట్స్‌లో చేరెను. 1960లో హార్ట్స్ లీగు విజేతలైరి. మరుసటి యేడు ఆతడు బాబ్ షాంక్లీ నడపుచుండిన డండీకి మారెను.

1962 ఏప్రిల్ 28న పెర్త్ పట్టణపు ముయిర్టన్ పార్కులో సెయింట్ జాన్‌స్టన్‌తో డండీ చివరి ఆట జరిగెను. టైటిలునకు డండీకి ఒక్క పాయింటు చాలును. క్రింది తరగతికి జారకుండుటకు సెయింట్ జాన్‌స్టన్‌కును ఒక్క పాయింటే చాలును. ఉభయులును సమముగ ముగించుకొనవచ్చునని కొందరు తలచియుండవచ్చును. కాని డండీ ఆటగాండ్రలో గిల్జీన్ రెండు, పెన్‌మన్ ఒకటి, మూడు గోల్సు పడినవి. డండీ లీగు విజేత, సెయింట్ జాన్‌స్టన్ క్రింది తరగతికి. టైన్‌కాసిల్‌లో తొలి ఆట ఆడిన తేదీయే అది; నడుమ గడచినవి ఇరువదియొక్క సంవత్సరములు.

మరుసటి పోటీకాలమున డండీ కొలోన్‌ను 8–1తో చితుకగొట్టి, యూరోపియన్ కప్పు సెమీఫైనలులో ఆ యేటి విజేత మిలాన్ చేతిలో ఓడెను. పిదప స్మిత్ మోర్టన్‌లో కొన్నాళ్లు, ఐర్లండులోని డ్రమ్‌కాండ్రాలో కొన్నాళ్లు ఆడి విరమించెను. మూడు జట్ల లీగు పతకములు ఐదు ఆతని యింట చేరినవి. స్కాటిష్ కప్పు విజేత పతకము మాత్రము ఏ జట్టుతోను రాలేదు.