గుర్రం నెత్తురు రెండు రంగుల గడ్డ

మోకాలు దోక్కుపోతే కాసేపు నెత్తురు కారి, దానంతటదే గడ్డకడుతుంది. గడ్డ ఎర్రగా ఉంటుంది కనుక, గడ్డకట్టించేవి ఎర్ర కణాలే అని ఎవరికైనా తోస్తుంది. గుర్రం నెత్తురు చూస్తే ఆ మాట నిలవదు.

మనిషి నెత్తురును గాజు గొట్టంలో పోసి కదపకుండా ఉంచితే సుమారు 5 నుంచి 10 నిమిషాల్లో మొత్తం ఒకే ఎర్రటి ముద్దవుతుంది. గుర్రం నెత్తురు సాధారణంగా ఇంకా నిదానంగా గడ్డకడుతుంది. ఈలోగా అందులోని ఎర్ర కణాలు, పేర్చిన రూపాయి బిళ్లల్లా దొంతరలు కట్టి అడుగుకు దిగిపోతాయి. మన కణాలూ దొంతరలు కడతాయి కాని, అంత వేగంగా దిగవు. అందుకే గుర్రం నెత్తురు గడ్డలో అడుగున ముదురు ఎరుపు, పైన పసుపు పొర కనిపిస్తాయి. పైపొరలో ఎర్ర కణాలు దాదాపు లేవు. అయినా గడ్డకట్టింది! అంటే అసలు సరుకు ప్లాస్మా అనే ద్రవంలోనే ఉందన్నమాట.

ఆ సరుకు పేరు ఫైబ్రినోజెన్, ఒక మాంసకృత్తు. రక్తనాళం తెగగానే రక్తఫలకికలు అక్కడ గుమిగూడతాయి. ప్లాస్మాలోని కొన్ని పదార్థాలు ఒకదాన్నొకటి వరసగా మేల్కొలుపుతాయి. చివరకు త్రాంబిన్ తయారై, ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఎర్ర కణాలు ఆ వలలో చేపల్లా చిక్కుకుంటాయి, అంతే. ఈ ఏర్పాటు మనకూ గుర్రానికీ ఒకటే. వాటిలో ఎనిమిదో నంబరు పదార్థం కొరవడితే నెత్తురు ఒక పట్టాన ఆగదు. మగపిల్లల్లో కనిపించే ఈ హీమోఫీలియా జబ్బు మగ గుర్రపు పిల్లల్లోనూ ఉంది.

19వ శతాబ్దంలో, నేటి ఎస్తోనియాలోని టార్టూ నగరంలో, అలెగ్జాండర్ ష్మిట్ ఈ నిదానాన్నే వాడుకున్నాడు. గుర్రం నెత్తురును బాగా చల్లబరిచి గడ్డకట్టడాన్ని ఇంకా ఆలస్యం చేశాడు. కణాలు దిగాక పైనున్న ప్లాస్మాను తీసి పరీక్షలు చేశాడు. మనిషి నెత్తురు అంత వ్యవధి ఇవ్వదు కదా!

పూర్వం ఐరోపా వైద్యులు రోగి నెత్తురు గిన్నెలోకి తీసి, పైన పసుపు పొర కడితే ఒంట్లో వాపు ఉందనేవారు. అందులో కొంత నిజముంది. వాపు జబ్బుల్లో ఫైబ్రినోజెన్ పెరిగి మన ఎర్ర కణాలు కూడా త్వరగా దిగుతాయి. ఆస్పత్రిలో చేసే ఇ.ఎస్.ఆర్. పరీక్ష, నెత్తురు గడ్డకట్టకుండా మందు కలిపి, గంటలో ఆ కణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో కొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రం నెత్తురులో గంట కాకముందే అవి బాగా దిగిపోతాయి. పశువైద్యుడు దాన్ని చూసి కంగారుపడడు.