నిన్న ఏమీ కాలేదు, ఈ రోజెందుకు పడిపోయాడు?

పత్తికి మందు కొట్టే రోజుల్లో పల్లెల్లో వినబడే మాట ఒకటుంది. "మొన్న కొట్టాడు, నిన్న కొట్టాడు, ఏమీ కాలేదు. ఈ రోజు నాలుగు పంపులు కొట్టేసరికి కళ్ళు తిరిగి చేలోనే పడిపోయాడు." ఎండదెబ్బ అంటారు కొందరు. దిష్టి అంటారు మరికొందరు. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్ళాడని ఇల్లాలు బాధపడుతుంది. మందు అదే, మనిషీ అతడే. మరి మూడో రోజునే ఎందుకు పడిపోయాడు? ఇది తెలియాలంటే మన ఒంట్లో కంటికి కనబడకుండా పని చేసే ఎంజైములను గూర్చి కొంచెం తెలుసుకోవాలి. కంగారు పడకండి, పాఠం వంటింట్లోనే మొదలవుతుంది.

ఉత్త అన్నం ముద్ద ఒకటి నోట్లో పెట్టుకొని, మింగకుండా రెండు నిమిషాలు నమిలి చూడండి. మెల్లగా తియ్యబడుతుంది. లాలాజలంలోని అమైలేజు అనే ఎంజైము అన్నంలోని పిండిపదార్థాన్ని తుంచి చక్కెరగా మారుస్తుంది. ఎంజైము అంటే ఇదే. గంటలు, ఏళ్ళు పట్టే పనిని క్షణంలో జరిపించి, తాను ఖర్చయిపోకుండా మిగిలి, వెంటనే మరోసారి అదే పనికి సిద్ధపడే పదార్థం. ఇవి దాదాపు అన్నీ ప్రొటీన్లే. ఈ సంగతిని 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్ చిక్కుడు జాతి గింజల నుండి ఒక ఎంజైమును స్ఫటికాలుగా వేరుచేసి చూపించాడు. ఆయన ఎడమచేతివాటం మనిషి. చిన్నతనంలో వేటకు వెళ్ళి ఆ ఎడమచెయ్యే పోగొట్టుకొన్నాడు. ఒంటిచేత్తో చేసిన ఆ పనిని చాలాకాలం పెద్దలు నమ్మలేదు. 1946లో నోబెల్ బహుమతి వచ్చింది.

ప్రతి ఎంజైముకూ దానిదే అయిన ఒక మడత, ఆ మడతలో ఒక చిన్న గుంట ఉంటాయి. ఆ గుంటలో ఇమిడే పదార్థంపైనే అది పని చేస్తుంది. తాళం, తాళంచెవి వంటి సంబంధమిది అని 1894లోనే ఎమిల్ ఫిషర్ అన్నాడు. కనుక మడత చెడితే పని చెడినట్టే. కోడిగుడ్డు తెల్లసొన ఉడికాక మళ్ళీ నీళ్ళలా కాదు గదా! ఎంజైము కూడా బాగా కాగితే అంతే. చలికి మాత్రం అది చావదు, మందగిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన కూరగాయలు ఆలస్యంగా చెడేది అందువల్లనే. పులుపు సంగతి మన అమ్మమ్మలకు బాగా తెలుసు. అరటిదూటను తరిగి మజ్జిగలో ఎందుకు వేస్తాం? దూటను నల్లబరిచే ఎంజైముకు పులుపు పడదు. అన్నం నమిలిన అమైలేజు కూడా కడుపులోని ఆమ్లం తగలగానే ఆగిపోతుంది. అదే ఆమ్లంలో పెప్సిను అనే మరో ఎంజైము చక్కగా పని చేస్తుంది. ఒకదానికి విషమైనది మరొకదానికి ఇల్లు.

వేడి, పులుపు కాక ఎంజైమును ఆపేది మరొకటి ఉంది. తాళంలో తప్పుడు చెవి దూరి ఇరుక్కుపోవడం. చేలో జరిగింది ఇదే.

మన నరం కండరానికి "కదులు" అని చెప్పాలంటే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. మాట చెప్పడం అయ్యాక దానిని వెంటనే తుడిచివేయాలి. లేకపోతే కండరానికి అదే ఆజ్ఞ ఆగకుండా అందుతూ ఉంటుంది. ఇలా తుడిచే ఎంజైము పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజు. దీని ఒక్క అణువు సెకనుకు వేల ఎసిటైల్‌కోలిన్ అణువులను విరగ్గొడుతుంది. ఆర్గానోఫాస్ఫేటు జాతి పురుగుమందులు సరిగ్గా దీని గుంటలోనే దూరి కూర్చుంటాయి. పురుగు చచ్చేది ఇందువల్లనే. కాని ఆ ఎంజైము పురుగులోనూ మనిషిలోనూ ఉంది!

ఇక మూడో రోజు సంగతి. ఇరుక్కొన్న ఎంజైము ఒక్క రాత్రిలో బాగుపడదు. శరీరం కొత్తది తయారు చేసుకోవాలి, దానికి వారాలు పడుతుంది. మొదటి రోజు చర్మం గుండా, ఊపిరి గుండా కొంత మందు లోపలికి పోయి కొంత ఎంజైమును కట్టివేసింది. రెండో రోజు ఇంకొంత. సుమారు సగం పోయేవరకు చాలామందిలో పైకి పెద్దగా ఏమీ కనబడదు. మూడో రోజు పోయినది కొంచెమే కావచ్చు, కాని మిగిలినది చాలలేదు. చెమట పట్టిన చర్మం మందును మరింత త్వరగా పీల్చుకొంటుంది. "నిన్న ఏమీ కాలేదు" అనే ధైర్యమే ఇక్కడ మోసం చేసింది.

గుర్తులు తెలిసి ఉండాలి. నోట చొంగ, కంట నీరు, విపరీతమైన చెమట, వాంతి, విరేచనం, కంటిపాప సూదిమొనంత అయిపోవడం, కండరాలు అదరడం, ఊపిరాడకపోవడం. ఎండదెబ్బలో కంటిపాప ఇలా కాదు, చొంగ కారదు. వెంటనే మనిషిని చేలోనుండి బయటికి తెచ్చి, తడిసిన బట్టలు తీసివేసి, తల, గోళ్ళు సహా సబ్బుతో బాగా కడగండి. కడిగేవారు చేతులకు తొడుగులు, అవి లేకపోతే ప్లాస్టిక్ సంచులైనా వేసుకోవాలి. చింతపండు నీళ్ళు, ఉప్పునీళ్ళు పోసి కక్కించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మందు సీసాను, దానిపై చీటీ చెరిగిపోకుండా, డాక్టరుకు చూపండి. అన్ని పురుగుమందులకూ చికిత్స ఒకటి కాదు.

ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ ఎంజైమును విడిపించదు, మిగిలిపోయిన ఎసిటైల్‌కోలిన్ ఆగడాన్ని అణచి ఊపిరి నిలుపుతుంది. ఎంజైమును విడిపించేందుకు పామ్ అనే ఇంజెక్షన్ ఉంది. దాని మేలు ఎంతో అన్నదానిపై డాక్టర్లలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆలస్యమైతే మాత్రం ఇరుక్కొన్న చెవి బిగుసుకుపోయి ఇక రాదు. తేరుకొన్నాడని ఆ రోజే ఇంటికి తెచ్చేయకండి. ఒకటి నుండి నాలుగు రోజుల్లోపు మెడ నిలవక, తలగడపై నుండి తల ఎత్తలేకపోవడం, ఊపిరి బలహీనపడడం కొందరిలో జరుగుతుంది.

ఖాళీ డబ్బాలో నూనె పోసుకొనే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో బడి పిల్లలు మధ్యాహ్న భోజనం తిని 23 మంది చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ దొరికింది. డబ్బా ఎంత కడిగినా నమ్మకండి, కన్నాలు పొడిచి పారేయండి.

ఇక ఆ పడిపోయినతను ఇంటికి వచ్చాక మళ్ళీ పంపు వీపుకెత్తుకోవడానికి తొందరపడకూడదు. రక్తంలో కోలినెస్టరేజు ఎంత ఉందో చూసే పరీక్ష ఉంది, డాక్టరును అడగండి. పూర్తిగా నిండడానికి ఒక్కోసారి మూడు, నాలుగు నెలలు పడుతుంది. ఈ పంటకు మిగిలిన మందు ఇంకెవరైనా కొట్టాలి.