తెరచాప చెప్పిన పాఠాలు

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అన్నారు పెద్దలు. ఆ సామెతలో మొదటి సగం మా కోనసీమలో అక్షరాలా జరిగింది. 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని తవ్విన కాలువలు పొలాలకు నీరూ ఇచ్చాయి, మనుషులకు దారీ ఇచ్చాయి. కొత్తపేట, అమలాపురం, రాజోలు ప్రాంతాలలో ధాన్యపు బస్తా అయినా, కొబ్బరికాయ అయినా, పెళ్ళివారయినా ఒకనాడు పడవ ఎక్కవలసిందే. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గెడ, అదీ చాలకపోతే గట్టున నడుస్తూ తాడుతో లాగడం. రోడ్లూ, వంతెనలూ వచ్చాక ఆ బరువంతా లారీలకెక్కింది. పడవ పోయింది గాని, పడవ నేర్పిన బుద్ధులు కూడా పోవాలా?

ఈ ప్రశ్న నాకు 2018లో తట్టింది. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరు 10న గోవానుండి 'తారిణి' అనే తెరచాప నౌక భూప్రదక్షిణకు బయలుదేరింది. దాని పొడవు సుమారు 17 మీటర్లు మాత్రమే. అందులో ఉన్న ఆరుగురూ మన నౌకాదళపు స్త్రీలే. వర్తికా జోషి నాయకురాలు. విశాఖపట్నం ఆడపడుచు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు ఆడపడుచు బొడ్డపాటి ఐశ్వర్య అందులో మన తెలుగు అమ్మాయిలు. కేప్ హార్న్ చుట్టి, మూడు మహాసముద్రాలు దాటి, 254 రోజుల తరువాత 2018 మే 21న వారు క్షేమంగా గోవా చేరారు. తిరిగిన దూరం సుమారు 40,000 కిలోమీటర్లు!

అటువంటి నౌకలో కాపురం ఎలా ఉంటుందంటారా? మన వంటింటి కాపురమే, కాకపోతే ఇల్లు ఊగుతూ ఉంటుంది. అందుచేత కొన్ని నియమాలు తప్పవు.

మొదటిది నీరు. చుట్టూ సముద్రమే, తాగడానికి చుక్క పనికిరాదు. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రం ఉన్నా, అది మొండికేస్తే గతేమిటి? అందుకని తెరచాప నౌకలవారు గిన్నెలను ఉప్పునీటితో తోమి, చివర మాత్రమే కాసిని మంచినీళ్ళతో తొలుస్తారు. అంతర్వేది వైపు తీరగ్రామాల ఇల్లాళ్ళకు బిందెడు మంచినీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. కాలువ పక్కన కాపురమున్న మనకే చెప్పాలి.

రెండవది సర్దుబాటు. బరువైనది అడుగున, మధ్యగా ఉండాలి. తరచు కావలసినది చేతికందాలి. వాడిన వస్తువు తిరిగి తన చోటికే చేరాలి. చీకటిలో, తుపానులో వెదుక్కునే తీరిక ఉండదు మరి. ఇంట్లో కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె కోసం అందరూ అందరిమీదా కేకలు వేసుకునే సంసారాలకు ఈ పాఠం ఎంతో అవసరం.

మూడవది ముందుచూపు. కుర్రతనంలో కాలువ పడవ నడిపిన ముసలి సరంగు ఒకాయన మా ఊళ్ళో ఉండేవాడు. ఆయన అనేవాడు: "గాలొచ్చాక తెరచాప దించితే ఏం లాభమండి మాస్టారూ? వచ్చేలోగానే దించాలండి!" సముద్రం మీదా అదే సూత్రం. 'చాప తగ్గిద్దామా' అన్న అనుమానం వచ్చిన క్షణమే తగ్గించాలంటారు. అప్పుల విషయంలోనూ ఇంతకన్న మంచి సలహా నేను వినలేదు.

నాలుగవది, ఆగవలసినచోట ఆగడం. తారిణి తిరుగుప్రయాణంలో చుక్కాని యంత్రాంగంలో లోపం తలెత్తింది. ఇంటికి దగ్గరవుతున్నాం గదా అని తెగించక, మారిషస్‌లో ఆగి బాగుచేయించుకుని మరీ కదిలారు.

అన్నిటికన్న పెద్దది అయిదవది. తెరచాప నౌకలో పైకి వచ్చేవారు, గాలివానలోనూ, రాత్రివేళా ఒంటికి పట్టీ తగిలించుకుని దాని తాడును నౌకకు బంధించుకుంటారు. ఎంత అనుభవమున్నా ఇందులో మినహాయింపు లేదు.

ఆ అమ్మాయిలు తిరిగివచ్చి రెండు నెలలు నిండలేదు. 2018 జూలై 14న మా కోనసీమలోనే, ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద, గౌతమి పాయలో ఒక నాటుపడవ నిర్మాణంలో ఉన్న వంతెన స్తంభానికి కొట్టుకుని తిరగబడింది. అందులో ఉన్నవారిలో చాలామంది బడినుండి ఇళ్ళకు పోతున్న పిల్లలు. కొందరు ఆడపిల్లలు ఇల్లు చేరలేదు. భూమి చుట్టివచ్చిన అమ్మాయిలు క్షేమంగా వచ్చారు, ఒక్క పాయ దాటవలసిన పిల్లలు రాలేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఎందుకంటే, అంతకు ముందొకసారి రేవులో ప్రాణరక్షక కోటు చేతికిస్తే, "పావుగంట ప్రయాణానికి ఇదెందుకయ్యా?" అని పక్కన పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా పక్కనే మా అమ్మాయి ఉంది. నన్ను చూసి తనూ పక్కన పెట్టింది.

ఇప్పటికీ వరదరోజుల్లో లంకగ్రామాలవారికి పడవే దిక్కు. కనుక నాలుగు మాటలు. కోటు ఒడిలో ఉంటే చాలదు, తొడుక్కుని బద్దీలన్నీ బిగించుకోవాలి. పిల్లలకు పిల్లల కొలతదే వేయాలి. సైకిళ్ళూ, బరువులూ పడవ మధ్యనే ఉంచాలి. అందరూ ఒక పక్కకు జరగకూడదు. జనం ఎక్కువైతే దిగి, తరువాతి పడవకు ఆగాలి. ధవళేశ్వరం వద్ద నీరు 11.75 అడుగులు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఆ అంకెలు వినకుండా రేవుకు పోకూడదు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనడం మన అలవాటు. ఆ మల్లయ్యను ఒడ్డునుండగానే మరచిపోతే ఏమవుతుందో చూశాం. ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం ఉంది: పడవలో ముందుగా కోటు తొడుక్కోవలసింది నాన్న. అది చూసి అమ్మాయి తొడుక్కుంటుంది.